గోల్‌బర్న్‌లో గ్రేస్ మొదటి ఓటు

మా తమ్ముడు ప్రసాద్ కాన్‌బెర్రా రైలుకి టికెట్లు కొన్న వారానికే ఆస్ట్రేలియాలో ఎన్నికలు ప్రకటించారు. పోలింగ్ సరిగ్గా మేం బయల్దేరాల్సిన శనివారమే పడింది. అది తొంభయ్యో సంవత్సరం, మార్చి నెల. నేను ఒంగోలు హైస్కూల్లో టీచరుగా రిటైరై, సిడ్నీలో గిరావీన్‌లో ఉండే వాళ్ళింటికి చుట్టపుచూపుగా వెళ్ళాను. కాన్‌బెర్రాలో కొత్తగా కట్టిన పార్లమెంటు భవనం నాకు చూపించాలని వాడి ముచ్చట.

"టికెట్లు వెనక్కి ఇచ్చెయ్యరా, ఓటు పోతుంది" అన్నాను.

"పోదక్కా. ఈ స్టేట్‌లో ఏ ఊళ్ళో అయినా ఆబ్సెంట్ ఓటు వెయ్యొచ్చు. దారిలో గోల్‌బర్న్‌లో దిగి వేసేసి, మధ్యాహ్నం బస్‌లో వెళ్ళిపోదాం. వెయ్యకపోతే ఫైన్ కట్టాలి మరి!" అన్నాడు.

ఓటు వేయనివాళ్ళకి జరిమానా! మా ఊళ్ళో ఓటర్లని ఎడ్లబళ్ళ మీదా రిక్షాల్లోనూ ఎక్కించుకొచ్చిన రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

శనివారం ఇంకా చీకటి ఉండగానే పెండిల్ హిల్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి, సిడ్నీ సెంట్రల్‌లో దిగి, ఏడున్నరకల్లా పెద్ద రైల్లో కూర్చున్నాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఒక స్వెట్టరు చేతిలో పెట్టుకోండి. సిడ్నీలో చెమట పట్టినా గోల్‌బర్న్‌లో పళ్ళు కొట్టుకుంటాయి. మరదలు ఎస్తేరు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ ఉండి మాతో రాలేదు కానీ చపాతీలూ కోడిగుడ్డు పొరటూ కట్టిచ్చింది. మూడో టికెట్టు వాళ్ళమ్మాయి గ్రేస్‌ది. ఆ పిల్లకి అప్పుడే పద్దెనిమిది నిండాయి, యూనిలో, అంటే యూనివర్సిటీలో, మొదటి సంవత్సరం. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

కాంప్‌బెల్‌టౌన్ దాటాక ప్రసాద్ జేబులోంచి ఒక పార్టీవాళ్ళ కార్డు తీశాడు. అక్కడ ఓటంటే ఒక గుర్తు మీద ముద్ర గుద్దడం కాదు. పోటీలో ఉన్న ప్రతి మనిషి పేరు పక్కనా ఒకటి, రెండు, మూడు అని మన ఇష్టం కొద్దీ వరస రాయాలి. ఆ వరస ఎలా రాస్తే తమకి లాభమో పార్టీలు ముందే అచ్చేసి పంచుతాయి.

"ఇది చూసి రాసెయ్ అమ్మా" అని కూతురి ఒళ్ళో పెట్టాడు.

"ఇట్స్ మై ఓట్, డాడీ! యూనికి ఫీజులు పెట్టిందే వీళ్ళు. ఐ మార్చ్‌డ్ అగైన్‌స్ట్ దెమ్!"

"మనకి వీసా వచ్చింది వాళ్ళ హయాంలోనే. ఆ విశ్వాసం ఉండాలి. మనింట్లో మూడు ఓట్లూ వాళ్ళకే."

"ఫైన్. ఐ విల్ పుట్ ఇట్ ఇన్ బ్లాంక్." అంత మాటా అనేసి, చెవులకి వాక్‌మన్ తగిలించుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎన్నికకీ నన్ను పోలింగ్ డ్యూటీకి వేసేవారు. ముందురోజే లారీలో బ్యాలెట్ పెట్టెలతో ఏ మారుమూల పల్లెకో చేరి, బడి గదిలో బల్లలు కలిపి పడుకునేవాళ్ళం. తెల్లారేసరికి గుమ్మం ముందు ఆడవాళ్ళ వరస, ఆ కొత్త చీరల గరగర, తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన. ఎన్ని వేళ్ళకి సిరా పెట్టానో లెక్కలేదు. నా ఓటు మాత్రం ఒంగోల్లోనే ఉండిపోయేది. పోస్టులో పంపుతామనే బ్యాలెట్ కాగితం ఒకసారి ఆలస్యంగా వచ్చేది, ఒకసారి అసలు వచ్చేదే కాదు. అలాంటిదాన్ని, నా కళ్ళముందే ఈ పిల్ల మొదటి ఓటు తెల్లకాగితంగా పోతుందంటే ఎలా ఉంటుంది చెప్పండి?

ఎదుటి సీట్లో ఉన్ని అల్లుకుంటున్న ఒక ముసలావిడ మా గొడవ భాష తెలియకపోయినా పట్టేసింది. "మా మనవడూ అంతే. ఫుట్‌బాల్ జట్టులో అందరి పేర్లూ చెప్తాడు, మంత్రి పేరు ఒక్కటి చెప్పలేడు. ఫైన్ భయానికైనా ఇవాళ మంచం దిగుతాడు లెండి" అంది ఇంగ్లీషులో. గ్రేస్‌కి వినబడినట్టుంది, పెదవి బిగించింది.

పదిన్నర ప్రాంతంలో గోల్‌బర్న్‌లో దిగాం. పాత ఇటుక కట్టడాల ఊరు, చుట్టూ ఎండిన గడ్డి మేస్తున్న గొర్రెలు. స్టేషన్ నుంచి నడిచేంత దూరంలోనే బడి, అందులో పోలింగ్. మైకుల్లేవు, పోలీసుల్లేరు. గేటు దగ్గర పార్టీల వాళ్ళు కార్డులు పంచుతూ ఒకళ్ళతో ఒకళ్ళు కబుర్లాడుకుంటున్నారు. పిల్లల తల్లులు బడి కోసం కేకులు అమ్ముతున్నారు. ఒకాయన ఇనప పెనం మీద సాసేజీలు కాలుస్తున్నాడు. పోలింగా, తిరునాళ్ళా అనిపించింది.

నేను హాల్లో గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆబ్సెంట్ ఓటర్ల బల్ల దగ్గర పేరూ చిరునామా రాసుకుని ఇద్దరికీ కాగితాలిచ్చారు. వేలికి సిరా లేదు. పైగా రాయడానికి పెన్సిళ్ళు! అవి కూడా ఎవరూ పట్టుకుపోకుండా దారంతో కట్టేశారు. రబ్బరుతో చెరిపేస్తే దిక్కెవరని నాలో టీచరమ్మ కంగారుపడింది.

గ్రేస్ ఒక అట్ట తెర వెనక్కి వెళ్ళింది. ప్రసాద్ తన కాగితాలు చేత్తో పట్టుకుని, పక్క తెర ఖాళీగా ఉన్నా, కూతురి వెనకే వెళ్ళి భుజం మీంచి తొంగి చూస్తూ నిలబడ్డాడు. మా పోలింగ్ బూత్‌లలో భార్యల వెనక భర్తలూ కోడళ్ళ వెనక మామలూ అచ్చం ఇలాగే వచ్చేవారు. 'దానికేం తెలుసండీ, నేను చూపిస్తా' అనేవారు. వాళ్ళని బయటికి పంపడమే అన్నేళ్ళూ నా పని. ఏ దేశంలో ఉన్నానో మర్చిపోయాను.

"ప్రసాదూ! ఇవతలికి రా!"

హాలంతా తిరిగి చూసింది. వాడు తెల్లబోయాడు. "నంబర్లు తప్పు వేస్తుందేమోనని అక్కా..."

"వేస్తే వేస్తుంది. అక్కడ ఒక్క మనిషే ఉండాలి. నీ ఓటు నువ్వు వేసుకో పో!"

ఒక కుర్ర ఆఫీసరు పరుగున వచ్చి సంగతేమిటని అడిగాడు. ప్రసాద్ నీళ్ళు నములుతూ చెబితే, "ఆవిడన్నది కరెక్టే, మేట్" అని వాణ్ణి పక్క తెర దగ్గరికి పంపాడు.

గ్రేస్ చాలాసేపు రాసింది. తెల్లకాగితం వేసేవాళ్ళు అంతసేపు వంగి ఉండరని నా అనుభవం. కాగితాలు మడిచి కవర్లో పెట్టి, అంటించి, పెట్టెలో వేసి, తిన్నగా నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "నాట్ బ్లాంక్, అత్తా" అంది మెల్లిగా. నా కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు. బలవంతపు ఓటేమిటని అప్పటిదాకా నాకూ అనుమానంగానే ఉండేది. కానీ చట్టం లేకపోతే తండ్రి మీద కోపంతో ఆ పిల్ల ఆ గుమ్మమే ఎక్కేది కాదు.

సాసేజీలు బ్రెడ్డులో చుట్టుకుని తిని, రెండింటి బస్సెక్కాం. కాన్‌బెర్రాలో ఊరి చివర మోటెల్లో దిగాం. గ్రేస్ టీవీ ముందు కూర్చుని, ఆ రాత్రే మొదలైన లెక్కింపు చూస్తూ తండ్రికే సీట్ల సంగతులు విడమరిచి చెప్పింది. వాడు ముభావంగానే విన్నాడు.

ఆదివారం పార్లమెంటు చూశాం. కొండని తొలిచి కట్టి, మళ్ళీ పైన గడ్డి పరిచారు. ఎవరైనా ఎక్కి నడవచ్చు. మంత్రుల నెత్తి మీద పచ్చగడ్డిలో కూర్చుని మిగిలిన చపాతీలు తిన్నాం. వెళ్ళేవాళ్ళు అది మాత్రం వదులుకోకండి.

తిరుగు రైల్లో ప్రసాద్ ఇక ఆగలేకపోయాడు. "ఒకటో నంబరు ఎవరికిచ్చావో చెప్పొచ్చుగా?"

"సీక్రెట్ బ్యాలెట్, డాడీ."

"చూశావా అక్కా! మనింట్లో నాన్న ఒక్క మాట చెప్తే అందరి ఓట్లూ అటే పడేవి. నువ్వు అంత చదువుకున్నావు, ఏనాడైనా నాన్న మాట దాటావా?"

బయట పొద్దు వాలుతోంది. గొర్రెల మందలు ఇంకా మేస్తూనే ఉన్నాయి. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు చెబితే తప్పేముందనిపించింది.

"ఉద్యోగంలో చేరకముందు రెండుసార్లు వేశానురా. అప్పట్లో ఒక్కొక్క గుర్తుకీ ఒక్కొక్క పెట్టె, తెర వెనక ఉండేవి. నాన్న చెప్పిన పెట్టెలో వెయ్యలేదు."

గ్రేస్ వాక్‌మన్ తీసేసింది.

"నాన్నకి తెలుసా?" అన్నాడు ప్రసాద్.

"బయటికి రాగానే 'సరిగ్గా వేశావా అమ్మా' అని అడిగారు. సరిగ్గానే వేశాను నాన్నా అన్నాను."

"రెండుసార్లూనా?" అన్నాడు వాడు.

"రెండుసార్లూ."