పప్పు తినేటోళ్ల ప్రోగ్రాం

మాదాపూర్‌ల అద్దాల బిల్డింగులు ఒకటెనక ఒకటి లేస్తున్న కాలమది. మెడల కంపెనీ బిళ్ల వేసుకొని మా ఊరు సురంగల్‌ల బస్సు దిగితే ఊరంతా నన్నే చూస్తున్నదని అనుకునేటోణ్ని (నిజానికి చూసింది మా ఇంటి బర్రె ఒక్కటే). అప్పుడే నాకు సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాషల 'నాట్ వన్' మీద ప్రేమ పుట్టింది. ఒక ప్రశ్నకు అవునో కాదో చెప్పే చిన్న వస్తువును ప్రెడికేట్ అంటరు. దానికి ఈ నాట్ వన్ తొడిగితే జవాబు తిరగబడుతది. 'వచ్చినోళ్లు' రాసుకుంటే చాలు, 'రానోళ్లు' పుణ్యానికి వస్తరు. లోకాన్ని రెండు డబ్బాల్లో సర్దుకునే నాసొంటోనికి అంతకన్న ఏం గావాలె?

అక్క పెండ్లయినంక ఆమె అత్తగారోళ్లు షాబాద్ నుంచి ఓ ఆదివారం దావత్‌కు వస్తున్నరు. బాపు మూడు యాటలు కోయాలన్నడు. "జర ఆగు బాపు, ప్రోగ్రాం రాస్త" అన్న. పిలిచిన ప్రతి ఇంటికీ పోయి "మటన్ తింటరా?" అని అడిగిన. 'మటన్ అడిగినోళ్లు' అని ప్రెడికేట్ రాసి, నాట్ వన్ తొడిగి, పప్పు తినేటోళ్లను తీసిన. ఊరు ఊరంతా అండ్లనే ఉన్నది.

"మనూళ్లె ఇంతమంది సాధువులు ఎప్పుడైండ్రురా?" అన్నడు బాపు.

"కంప్యూటర్ చెప్పింది బాపు."

ఆ మాటకు బాపు మెత్తబడ్డడు. రెండు యాటలను మళ్ల కొట్టంల కట్టేసి, మొయినాబాద్ దాకా పోయి "మావోడు కంప్యూటర్‌ల లెక్క తీసిండు" అని చెప్పొచ్చిండు.

అడిగినప్పుడు జనం అన్నదేంది? "ఏదైనా సరే బిడ్డా", "మీరు ఏది పెడితే అది." మావైపు మర్యాదున్నోడెవడూ నోరు తెరిచి మటన్ అడుగడు. వడ్డించేటప్పుడు మాత్రం వేరే సంగతి. మొదటి బంతిలనే "ముక్క వెయ్ బిడ్డా", "ఆ బొక్క గిటు దే" అని నా సాధువులంతా ఎగబడ్డరు. కూర గంజు అడుగంటింది. అక్క అత్తగారోళ్లు ఇంకా చేతులు కడుక్కుంటున్నరు.

"వాళ్ల ముంగట పప్పు పెడితే రేపు నా బిడ్డ ఆ ఇంట్ల తల ఎత్తుకుంటదా?" అన్నడు బాపు. కొట్టంల యాటను కోసినా, చేవెళ్ల పోయి మటన్ తెచ్చినా, వండేసరికి పొద్దుగూకుతది. ఆదివారం ఏ ఇంట్లనైనా మటన్ ఉడుకుతది, కానీ పిలుపు అందినోళ్లెవరూ ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలే. అప్పుడు బుర్రల నాట్ వన్ మళ్ల వెలిగింది. మేము పిలవనోళ్లెవరు?

ఒక్కటే ఇల్లు. పొలం గెట్టు కాడ బాపుతో కొట్లాట పెట్టుకున్న పక్కింటి కాకది, అందుకే ఆయనను గెట్టు కాక అంట.

గోడ దుంకిన. చర్చి నుంచి వచ్చిన బిడ్డ, అల్లుని కోసం పెద్ద గంజుల కూర ఉడుకుతున్నది. సంగతి చెప్పిన.

"మీ బాపు పంపిండా?"

"బాపుకు తెల్వదు కాకా."

"తెలిస్తే పంపకపోయేటోడు" అని కాక గంజు దించిండు.

"మరి మేమేం తినాలెరా?" అన్నది చిన్నమ్మ.

"మీరందరూ రాండ్రి చిన్నమ్మా. పప్పు మస్తున్నది!"

కాక గంజుతో మా వాకిట్లకు రాంగనే బాపు చేతిల గరిటె కింద పెట్టిండు. మెల్లగ వచ్చి రెండో కొస పట్టుకున్నడు. "గెట్టు మీద జానెడు జాగ ఇయ్యనోడివి, గంజెడు కూర ఎట్ల తెచ్చినవురా?"

"ఆడపిల్ల అత్తగారోళ్లు వచ్చిండ్రు. గెట్టు ముచ్చట రేపు మాట్లాడుకుందాం, ఎత్తు!"

అక్క అత్తగారోళ్లు ముక్క మీద ముక్క వేసుకొని తిని, రుచికి మా అమ్మను మెచ్చుకున్నరు. అమ్మ, చిన్నమ్మ ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్విండ్రు.

తర్వాత సి ప్లస్ ప్లస్ పెద్దలు నాట్ వన్‌ను తీసేసి, దాని జాగల ఇంకా మంచిది పెట్టిండ్రు. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లల కోడ్ చూసేటప్పుడు "అవునని చెప్పనోళ్లంతా కాదన్నట్టేనా?" అని అడుగుత. వాళ్లు నన్ను వింతగ చూస్తరు. నాకేమో ఆఖరి బంతిల గెట్టు కాక పక్కన కూసొని, విస్తరి నిండ పప్పు పోసుకొని, లెక్క తప్పినా ఇల్లు నిండిందని మురిసిన ఆ బిళ్ల పిలగాడు యాదికొస్తడు.