ఈల ఏది మాస్టారూ

మా అమ్మ సినిమాకి వెళ్తే కళ్లు మూసుకుని కూర్చుంటుంది. టికెట్ కొని మరీ నిద్రపోయే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ఆవిడ నిద్రపోదు, వింటుంది. పాటలు కాదు. పాటల్ని ఊరంతా పాడుతుంది, వాటికి మా అమ్మ అక్కర్లేదు. మాటకీ మాటకీ మధ్య, మనిషి ఏడవబోయి ఆగినప్పుడు, వెనకాల సన్నగా సంగీతం నడుస్తుందే, అది వింటుంది. బయటికొచ్చాక కథేమిటని అడిగితే చెప్పలేదు. "ఓడ మునిగేటప్పుడు డ్రమ్ములు మోగించకుండా ఒకే ఒక్క చెల్లో వాయిద్యం పెట్టాడు చూశావా! ఆ మనిషికి దణ్ణం పెట్టాలి" అంటుంది.

ఆ చెల్లో పెట్టిన మనిషి ఆవిడ సొంత అన్నయ్యే. మా మావయ్య. సినిమాలకి నేపథ్య సంగీతం కట్టేవాడు. అమ్మ ఆయన దగ్గర ఫ్లూట్ వాయించేది, నేను వయొలిన్లలో వెనక వరస. ఇలా చెబితే ఇల్లంతా కలిసి సరదాగా కచేరీ చేసుకున్నట్టు ఉంటుంది గానీ, రికార్డింగ్ హాల్లో మాకు చుట్టరికం లేదు. చెప్పులతో పాటు దాన్ని కూడా గుమ్మం బయటే వదలాలని మావయ్య పెట్టిన రూలు. లోపల ఆయన అందరికీ మాస్టారే. అమ్మ కూడా పొరపాటున అన్నయ్యా అనేది కాదు.

మావయ్యకి వాద్యగాళ్లు పెట్టిన పేరు "ఇంకొక్కసారి". ఎంత బాగా వాయించినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. "ఇవాళ ఇంకొక్కసారి గారి రికార్డింగు, కడుపు నిండా తిని రండి" అని జోకులేసుకునేవాళ్లు. అలాంటి మనిషి ఉన్నట్టుండి మొదటి టేకుకే "బాగుంది, ఓకే" అనడం మొదలుపెట్టాడు. వయసు మీదపడి మెత్తబడ్డాడనుకున్నారు అందరూ. పెందలాడే ఇంటికి పోవచ్చని సంతోషించారు కూడా.

అమ్మ సంతోషించలేదు. మావయ్య మా ఇంట్లోనే ఉండేవాడు కాబట్టి ఆవిడకి ఇంకో సంగతి తెలుసు. పక్కనే కుక్కర్ ఈల వేసినా ఆయన పేపర్లోంచి తల ఎత్తడం లేదు. మాటలు వినపడుతున్నాయి, తలుపు కొడితే వినపడుతోంది. సన్నటి ధ్వనులే పోయాయి. డాక్టరుకి చూపించుకోమంటే కసిరాడు. "నా చెవుల సంగతి నాకు చెప్పకు. ఇంతకాలం అన్నం పెట్టింది అవే!" అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకైతే ఒళ్లు మండింది. చెప్పేవాళ్లకి చెప్పే హక్కు లేదు, వినాల్సినాయనకి వినే ఓపిక లేదు.

ఇంతలో ఒక గని సినిమాకి సంగీతం కట్టే పని వచ్చింది. గని కూలిపోయి మనుషులు లోపల చిక్కుకుపోతారు. దర్శకుడు కుర్రాడు. పాతకాలపు మాస్టారు ఎందుకు, వేరేవాళ్లని పెట్టుకుందామని నిర్మాత ఆ కుర్రాడి చెవి కొరుకుతున్నాడని హాలంతా గుసగుసలు. పతాక సన్నివేశం కుదిరితే మావయ్య ఉంటాడు, కుదరకపోతే ఇంటికే. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క సినిమానే.

ఆ సన్నివేశంలో గని పైన ఆడవాళ్లు ఎదురుచూస్తుంటారు. యంత్రాలన్నీ ఆపేస్తారు. ఒకామె నేలకి చెవి ఆనిస్తుంది. అడుగు నుంచి ఎవరో ఈల వేస్తున్నట్టు సన్నగా, ఉందో లేదో అన్నట్టు ఒక ధ్వని రావాలి. దానికి మావయ్య వాద్యాలన్నిటినీ ఆపేసి, చిన్న ఫ్లూట్ ఒక్కదాన్నీ ఉంచాడు. అది మా అమ్మ వాయించాలి.

వాయించడం కంటే ఖాళీ లెక్కపెట్టుకోవడం కష్టమని మా వాళ్లలో అందరికీ తెలుసు. తన వంతు వచ్చేదాకా పెదవులు కదపకుండా లోపల లెక్కేసుకుంటూ కూర్చోవాలి. అమ్మ ఎప్పుడూ తల దించుకుని లెక్కేసేది. ఆ రోజు ఏమైందో, హాల్లో సన్నివేశం ఆడుతున్న తెర వైపు చూసింది. నేలకి చెంప ఆనించిన ఆమె మొహం తెర నిండా ఉంది. అమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. లెక్క తప్పింది. ఈల రావాల్సిన చోటు వచ్చింది, వెళ్లిపోయింది. ఫ్లూట్ ఆవిడ ఒళ్లోనే ఉంది.

మావయ్య కళ్లు మూసుకుని నిలబడి, చెయ్యి మెల్లగా దించి, చిరునవ్వుతో అన్నాడు: "ఫ్లూట్ అద్భుతం. ఓకే."

నా పక్కనున్న పెద్దాయన తన చెప్పుల్లేని కాళ్ల వైపు చూసుకున్నాడు. రికార్డు చేసే గాజు గదిలోంచి దర్శకుడి గొంతు స్పీకర్లో వచ్చింది.

"ఈల ఏది మాస్టారూ?"

మావయ్య మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు మాత్రం మా మీద ఒక్కొక్కరి మీదుగా వెతుక్కుంటూ వచ్చాయి. అప్పుడు అమ్మ పకపకా నవ్వింది.

"తప్పు నాదే సార్! లెక్క తప్పాను. మా మాస్టారి తిట్లు ఇలాగే ఉంటాయి. బాగా వాయిస్తే ఇంకొక్కసారి అంటారు, అసలు వాయించకపోతే అద్భుతం అంటారు!"

హాలంతా గొల్లుమంది. ఊపిరి వదిలిన నవ్వు అది. దర్శకుడు కూడా నవ్వాడు. మావయ్య ఒక్కడే నవ్వలేదు. అమ్మ వైపు చూశాడు. ఆయనకి ఇప్పుడు తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

తర్వాతి టేకు మొదలైంది. అమ్మ సరిగ్గానే అందుకుంది గానీ ఈల కొంచెం బిరుసుగా వచ్చింది. మావయ్యకి తెలిసే దారి లేదు. ఆయన నోరు తెరిచేలోపే అమ్మ, "నాకు కుదరలేదు మాస్టారూ, ఇంకొక్కసారి" అంది. ఆ తర్వాత టేకులో ఊపిరి వినపడింది. "ఇంకొక్కసారి" అంది మళ్లీ. ఆయన మాట ఆవిడ తీసేసుకుంది. ఆయన చెవులు కూడా ఆవిడే అయిపోయింది. కాకపోతే ప్రతిసారీ తప్పు తన నెత్తినే వేసుకోవాల్సి వచ్చింది. పాపం, భయంతో పెదవులు ఎండిపోయి నిజంగానే తప్పులు పెరిగాయి.

గాజు వెనక దర్శకుడు గడియారం చూసుకోవడం కనపడుతోంది. చివరికి స్పీకర్లో అన్నాడు, "మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆవిడ పెద్దావిడ, ఊపిరి చాలడం లేదు. భోజనాలయ్యాక వేరే ఫ్లూట్ మనిషిని పిలిపిద్దాం. ఇకముందు కూడా ఆవిడ వద్దు."

అమ్మ తల వంచుకుని ఫ్లూట్ తుడుచుకుంటోంది. వేరే మనిషి వస్తే మావయ్య గుట్టు ఆ పూటకే రట్టవుతుందని ఆవిడకి తెలుసు. అయినా నోరు విప్పలేదు. నేను లేచి నిలబడ్డాను.

"ఇంకొక్కసారి" అన్నాడు మావయ్య.

"వాయించింది చాలు కదా మాస్టారూ?"

"వాయించడం కాదు బాబూ. ఆవిడ వద్దని నువ్వన్న మాట. ఇంకొక్కసారి అనాలంటే ముందు నేను చెప్పేది విను. పొద్దున అద్భుతం అన్నప్పుడు నేను వెక్కిరించలేదు. నాకు నిజంగానే వినపడింది. రాసింది నేనే కదా, తలలో మోగింది. బయట మోగలేదని నాకు తెలియలేదు. కొంతకాలంగా సన్నటివేవీ వినపడటం లేదు. ఆవిడ ఊపిరికేం లోటు లేదు. నా లోటు కప్పడానికే ఇన్నిసార్లు వాయించింది."

"అన్నయ్యా!" అంది అమ్మ. అరిచినట్టే అంది. ఆ హాల్లో ఆ పిలుపు వినడం నాకు అదే మొదటిసారి.

ఇక సర్దుకోవాల్సిందేనని నేను వయొలిన్ పెట్టె వైపు చూశాను.

"మరి ఓకే ఎవరు చెబుతారు మాస్టారూ?" అన్నాడు దర్శకుడు. ఈసారి గొంతు తగ్గించి అన్నాడు.

"మా చెల్లెలు."

మళ్లీ తెర వెలిగింది. యంత్రాలు ఆగాయి, మేమంతా ఆగాం. నేలకి చెవి ఆనించిన ఆమె కింద నుంచి ఈల వచ్చింది. సన్నగా, ఉందో లేదో అన్నట్టు వచ్చి, ఉంది అన్నట్టు నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. మావయ్య తెర వైపు చూడలేదు, అమ్మ మొహమే చూస్తున్నాడు. అమ్మ ఫ్లూట్ దించింది.

"వచ్చిందా?"

"వచ్చిందన్నయ్యా. ఓకే."

సినిమా విడుదలైంది. పేర్లలో మావయ్య పేరే వేశారు. ఆ తర్వాత ఆయన్ని మరెవరూ పిలవలేదు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఇంకో నాలుగు సినిమాలు చేసేవాడివి కదా అని అమ్మ ఇప్పటికీ పోట్లాడుతుంది. "నీ ఫ్లూట్ పోయేది కదే" అంటాడాయన. "పోతే పోయేది, నీ సొమ్మేం పోయింది" అంటుంది అమ్మ. ఇద్దరిలో ఎవరూ తగ్గరు. మధ్యలో నేను కాఫీలు కలుపుతుంటాను.

అమ్మని మాత్రం ఇంకా పిలుస్తున్నారు. రోజూ పొద్దున వంటింటి పక్క గదిలో సాధన చేస్తుంది. మావయ్య ఎదురుగా కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. మొన్న చిన్న ఫ్లూట్ తీసి పెదవుల దగ్గర పెట్టుకుంది. ఏం గుర్తొచ్చిందో, ఊదకుండానే కాసేపు ఉండి ఒళ్లో పెట్టేసింది.

"అద్భుతం" అన్నాడు మావయ్య, కళ్లు తెరవకుండా.

వెక్కిరించాడో, నిజంగానే వినపడిందో అమ్మ అడగలేదు.