అవ్వ ఇంట్లో మూడో పళ్లెం

యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఇరవై ఏళ్లకే క్రైస్తవ బోధ చెప్పే ఉపదేశినై, సత్యవేడు దగ్గర ఒక పల్లెలో చిన్న గుడికి (పూరిపాకే, గుడి అని మేము అనుకునేవాళ్లం) వచ్చిపడ్డాను. సంచిలో దేవుణ్ణి గురించి రాసుకున్న నోటుపుస్తకాలు నాలుగు, తలలో అంతకు నాలుగింతల గర్వం. ఆ ఊళ్లో దోసకాయలమ్మే అవ్వ ఒకామె ఉండేది. చనిపోయేలోగా ఒక్కసారైనా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలని ఆమె కోరిక. "దేవుడు ఒక్కడైతే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురెట్లా?" అని ఊరూరా తిరిగి రొట్టె ఇచ్చే పాదిరి, మా పెద్ద అయ్యగారు అడిగితే జవాబు చెప్పలేక రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ ఆదివారం ఆయన మళ్లీ వస్తున్నారు. ఆమెకు నేర్పే పని నా నెత్తిన పడింది.

మూడు పొయ్యిరాళ్లు, మూడు వత్తులు, అన్నీ చెప్పి చూశాను. తల ఊపేది, మరచిపోయేది. చివరికి విసుగొచ్చి, "బిడ్డ లేకుండా తండ్రి తండ్రెట్లా అవుతాడవ్వా? దేవుడు ముందు ఒంటరిగా ఉండి, తర్వాత ఎవరినో తోడు తెచ్చుకోలేదు. ఆ ప్రేమ, ఆ సంబంధమే ఆయన" అని పుస్తకం మూసేశాను. అవ్వ ఈసారి తల ఊపలేదు. "అట్లయితే మనిషి గూడా ఒంటిగా ఉండడా అయ్యా?" అంది. "ఉండనే ఉండడు" అన్నాను దర్జాగా. ఆమె ఒక్కగానొక్క కొడుకు బర్మా యుద్ధానికి పోయాడనీ, రెండేళ్లుగా జాబు లేదనీ నాకు ఆ క్షణాన గుర్తే లేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్లాను. వీధిలో కుక్క కూడా లేదు, ఆకు కదలడం లేదు. వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపల అవ్వ గొంతు వినిపించింది. "ఇంకొంచెం తిను అబ్బయ్యా, సంగటి సల్లారిపోతాది." ఎవరో జవాబు చెబుతున్నంతసేపు ఆగి, నవ్వుతోంది. తొంగిచూశాను. ఆమె ఒక్కతే. ముందు మూడు పళ్లేలు. (ఊరికి పోయిన ఇంటిమనిషి పళ్లెం తిరిగొచ్చేదాకా బోర్లించకూడదని అక్కడి పద్ధతి. రెండోది కొడుకుది సరే, మరి మూడోది?) అప్పుడు లోపలి మూల చీకట్లోంచి మగమనిషి దగ్గు వినిపించింది. చెప్పులూ గొడుగూ అక్కడే వదిలేసి పరుగెత్తాను. దయ్యాలు లేవని కిందటి ఆదివారమే గంటసేపు ప్రసంగించినవాణ్ణి నేను.

ఆదివారం గుడిలో అయ్యగారి పక్కన నిలబడ్డాను. చూసింది చెబితే అవ్వకు రొట్టె దక్కదు. నోరు మూసుకున్నాను. అయ్యగారు అదే ప్రశ్న అడిగారు. "నా బిడ్డ యాడుండాడో నాకు తెలీదు సామీ. అయినా వాడికి నేను అమ్మనే. వాణ్ణి తీసేసి నన్ను సూస్తే ఆడ నేనుండను. దేవుడూ అట్నేనేమో" అంది అవ్వ. అయ్యగారు రొట్టె విరిచి ఆమె చేతిలో పెట్టారు. నాకు ఏడుపొచ్చింది.

బయట అవ్వ నా చెప్పులూ గొడుగూ చేతికిచ్చింది. "తినేదానికి ముందే ఒక దగ్గు ఇనబడితే, వాకిట్లో నువ్వేననుకోని నీకు గూడా పళ్లెం పెడితిని. తినకుండానే ఎల్లిపోయినావే."

"నేను దగ్గలేదవ్వా. దగ్గు లోపల్నుంచి వినిపించింది."

అవ్వ నన్నే చూసింది. ముడతలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. "అట్నా" అని, చిన్నపిల్లలా గబగబా ఇంటికి నడిచింది.

ఆ కొడుకు తిరిగి రాలేదు. ఆ దగ్గు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు నేనూ ఒంటరిగానే తింటున్నాను, పోయిన నా ఆవిడ పళ్లేన్ని బోర్లించలేక పక్కనే పెట్టుకుని. మధ్యాహ్నం పూట ఒక్కోసారి చేయి ఆపి చెవి ఒగ్గుతాను. నిజంగా వినిపిస్తే మాత్రం, ఈ మోకాళ్లతో పరుగెత్తలేను కాబట్టి, ఇంకొంచెం తినమంటాను.