బలిఘట్టంలో చిరిగిన వియత్నాం కవరు

పగలంతా మైక్రోస్కోపులో మలేరియాను వెతకడం, ఇంటికొచ్చాక స్టాంపుల్లో మలేరియాను వెతకడం. ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి లేబొరేటరీలో పనిచేసే రోజుల్లో నా బతుకు ఇదే. ఆరోగ్యానికి సంబంధించిన స్టాంపులు తప్ప ఇంకేవీ ముట్టుకునేవాణ్ణి కాదు. దోమ, సూది, నర్సు, ఎర్ర శిలువ, పోలియో చుక్కలు వేయించుకునే పిల్లలు, ఇవే. వాటిలోనూ వియత్నాం స్టాంపులంటే నాకు పిచ్చి. యుద్ధాల్లో పడి లేచిన దేశం దోమల మీద స్టాంపు వేసిందంటే నాకు ముచ్చటేసేది. వాటికి వెనక జిగురు కూడా ఉండేది కాదు. పోస్టాఫీసులో గిన్నెలో పెట్టిన జిగురు పూసుకుని అంటించుకోవాలట.

చిక్కల్లా ఏమిటంటే అవన్నీ పాకెట్లలో వచ్చే సరుకు. ముద్ర కొట్టే అమ్ముతారు, ఏ ఉత్తరం మీదా ఎక్కి ఉండవు. అంతకుముందు జరిగిన స్టాంపుల ప్రదర్శనలో జడ్జిగారు నా పేజీలన్నీ తిప్పి, వీటిలో నిజంగా ప్రయాణం చేసిన కవరు ఒక్కటైనా ఉందా అని అడిగారు. ఆ మాట ముల్లులా దిగింది. మళ్ళీ ప్రదర్శన వచ్చింది. పేజీలు అమర్చిన ఫ్రేములు ఎల్లుండి పొద్దున్నే అప్పజెప్పాలి. కవరు కోసం వదిలిన ఖాళీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. సరిగ్గా అప్పుడే నర్సీపట్నం నుంచి వచ్చే మా సహోద్యోగి ఒక మాట చెవిన వేశాడు. వాళ్ళ ఊరి పక్కన బలిఘట్టంలో అప్పలనాయుడని పశువుల ఆసుపత్రి ఉద్యోగి ఉన్నాడట. మన దేశం వియత్నాంకి ముర్రా గేదెలు పంపినప్పుడు వాటితోపాటు వెళ్ళి వచ్చాడట. అప్పుడు అక్కణ్ణుంచి ఇంటికి వచ్చిన ఒక కవరు మీద సూదిమందు వేస్తున్న నర్సు బొమ్మ ఉందట. ఇక నేను ఆగుతానా?

మర్నాడు తెల్లవారుజామున మొదటి ఎర్రబస్సు ఎక్కేశాను. ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. నర్సీపట్నం రోడ్ అని రైల్వే స్టేషన్ పేరు చూసి మోసపోకండి, అక్కడ దిగితే ఊరు చేరడానికి మళ్ళీ బస్సే గతి. విశాఖ నుంచి అనకాపల్లి, తాళ్ళపాలెం మీదుగా బస్సులో పోవడమే మేలు. అప్పట్లో టిక్కెట్టు ఐదారు రూపాయలు, ప్రయాణం మూడు గంటలు. చెప్పుకోవడానికే మూడు గంటలు. అనకాపల్లిలో డ్రైవరు టీ తాగడానికి దిగి ఎంతకీ రాడు. ఆ తర్వాత చెరకు బళ్ళు దారంతా ఆక్రమించుకున్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన, కాలు ఆడించడం ఆపండి బాబూ, సీటంతా ఊగిపోతోంది అని మెల్లగా చెప్పాడు. ఆపాను, కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టాను.

నర్సీపట్నంలో దిగేసరికి ఎండ ఎక్కింది. ఏజెన్సీ కొండల నుంచి సంతకి వచ్చినవాళ్ళతో బస్టాండు కిటకిటలాడుతోంది. పక్క హోటల్లో ఇడ్లీ చెప్పాను గానీ సగం తిని లేచిపోయాను. వంటాయన బయటికొచ్చి ఇడ్లీలో లోపమేంటో చెప్పి వెళ్ళమన్నాడు. లోపం నాలో ఉందని నచ్చజెప్పేసరికి ఇంకాస్త ఆలస్యమైంది. బలిఘట్టానికి రిక్షా రెండు రూపాయలకి కుదిరింది. దారిలో రెండుసార్లు తొందరపెట్టాను. మూడోసారి రిక్షా అతను వెనక్కి తిరిగి, “బేగెల్లాలంటే దిగి నడవండి బావూ, నా బండికంటే మీ కాళ్ళే జోరుగున్నాయి” అన్నాడు.

అప్పలనాయుడికి నలభై దాటి ఉంటాయి. పల్చటి మనిషి, మాట నెమ్మది. వచ్చిన పని చెప్పగానే నవ్వాడు గానీ లేవలేదు. వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్న తల్లి నూకమ్మగారి వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. అతను ఇంట్లోకి వెళ్ళకుండా పెరట్లో గేదెల సాలకి వెళ్ళి, చూరులో దోపిన ప్లాస్టిక్ సంచీ ఒకటి తీసుకొచ్చాడు. అంత దూరం నుంచి వచ్చిన ఉత్తరాన్ని గేదెల సాలలో దాచడం ఏమిటి? విప్పి చూశాక నా ప్రాణం ఉసూరుమంది. కవరు నిలువునా రెండు ముక్కలు. చీలిక స్టాంపు మధ్య నుంచే పోయింది. సూది పట్టుకున్న నర్సు ఒక ముక్కలో, చెయ్యి చాపిన పిల్లాడు రెండో ముక్కలో ఉన్నారు.

జరిగింది అప్పలనాయుడే చెప్పాడు. అక్కడ ఉండగా అతనికి మలేరియా వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. రాసే ఓపిక లేక, తోటి ఉద్యోగి చేత రాయించాడు. ఆయన హర్యానా మనిషి, తెలుగు రాదు, ఇంగ్లీషులో రాసి పంపాడు. అప్పటికే చాలాకాలంగా ఉత్తరం లేక ఇల్లంతా బెంగటిల్లిపోయి ఉంది. కవరు వచ్చింది, రాత కొడుకుది కాదు. చావు కబురు తెచ్చిన కాగితం గుమ్మం దాటకూడదని, వాకిట్లోనే చింపేయాలని మన వైపు పట్టింపు మీకు తెలిసిందే.

అక్కడ నూకమ్మగారు అందుకున్నారు. చేతిలో చింతపండు అలాగే ఉంది. “రాత మావోడిది కాదు. పైన సూస్తే సూదీ, నర్సూ, ఎర్ర సిలవ. ఇంకేటుంటాది బావూ? సదివించకండానే సింపీసినాను.”

ఇల్లంతా శోకాలు. ఊళ్ళోవాళ్ళు మూగారు. ఆవిడ తలకి నీళ్ళు కూడా పోసుకున్నారు. సాయంత్రం బడి నుంచి వస్తున్న మాస్టారు ముక్కలు ఏరి, పక్కపక్కన పెట్టి చదివి, జ్వరం తగ్గింది, పథ్యం తింటున్నాడు, ఏడుపులు ఆపండమ్మా అని కేకలేశారట. కొడుకు తిరిగొచ్చాడు. కానీ చింపిన కాగితాన్ని లోపలికి తేవడానికి ఆవిడకి భయం, కొడుకు బతికున్నాడని చెప్పిన కాగితాన్ని పారేయడానికీ భయం. అందుకని అది ఇంటా బయటా కాకుండా చూరు పట్టుకుని ఉండిపోయింది.

నిజం చెప్తాను, ఇదంతా వింటూ నేను లోపల వేరే లెక్క వేసుకుంటున్నాను. చిరిగినా అసలైన కవరు. మలేరియా కబురు మోసిన కవరు, పైన ఆరోగ్యం స్టాంపు! రెండు ముక్కలూ యథాతథంగా పేజీలో పెట్టి కింద నాలుగు మాటలు రాస్తే జడ్జిగారు కుర్చీలోంచి లేస్తారు. అప్పలనాయుడు కూడా పట్టుకుపొమ్మనే అన్నాడు. ముక్కలు నలగకుండా పెట్టుకోవడానికి నా సంచీలోంచి అట్టలు తీస్తున్నాను.

“నువ్వు ఉత్తరాలు దాసేవోడివంట గదా,” అన్నారు నూకమ్మగారు. “అతకడం తెలుసునా? ఆడు మల్లీ గేదెలతో ఆ దేసం ఎల్తన్నాడు, వొచ్చే లచ్చివారం. బతికున్నోడి ఉత్తరం సింపిందాన్ని, అదలాగ ముక్కలుండగా ఆణ్ని ఎలగ పంపీది?”

అతికించిన కవరు ప్రదర్శనకి పనికిరాదు, మా లోకంలో అది మోసం కింద లెక్క. ముక్కలుగా ఇవ్వండి, విశాఖలో మంచి జిగురుతో అతికించి పంపిస్తానని బేరం పెట్టాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే నచ్చలేదు. ఆవిడకి కోపం రాలేదు.

“సింపింది నాను. నా కళ్ళముందర అతకాల.”

కోపం నాకు వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అంత దూరం వచ్చానే, రేపు పొద్దున్నే ఫ్రేములే, ఆ ఖాళీ అలాగే ఉండిపోతుందే! లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. అప్పలనాయుడు చెప్పు అంచుతో నేల గీస్తున్నాడు. అతని భార్య లోపల్నుంచి ఆకులో కాస్త వేడన్నం తెచ్చి అరుగు మీద పెట్టింది, జిగురు కోసం. ఇక కూర్చున్నాను.

మెతుకులు మెత్తగా నలిపి, వెనక పలచటి కాగితం వేసి, స్టాంపులు పట్టుకునే చిమటాతో అంచుకి అంచు చేర్చాను. పొద్దున్నుంచీ నిలవని చేతులు అప్పుడు నిలిచాయి. నర్సు సూది పిల్లాడి చేతిని తాకింది. ఆరేదాకా నూకమ్మగారు కళ్ళు తిప్పలేదు. తర్వాత దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని గుమ్మం దాటారు. వెనకే చూస్తున్నాను, దేవుడి గూటి దగ్గర పసుపు తడిపి నాలుగు మూలలా బొట్టు పెట్టారు, పెళ్ళి శుభలేఖకి పెట్టినట్టు. ఒక బొట్టు సరిగ్గా పోస్టుమార్కు మీద పడింది. తుడవండని అనబోయాను. ఆవిడ ముఖం చూశాక చిమటా సంచీలో పెట్టేశాను.

అప్పలనాయుడు సైకిలు మీద బస్టాండుకి దింపాడు. వెళ్ళగానే మీకు ఒక కవరు పంపుతానండి అన్నాడు. స్టాంపు ఆరోగ్యానిదే ఉండాలని, అడ్రసు నీటుగా ఉండాలని, ముద్ర స్పష్టంగా పడాలని బస్సు కదిలేదాకా అప్పగింతలు పెట్టాను. మర్నాడు ఫ్రేములు ఖాళీతోనే వెళ్ళాయి. బహుమతి వేరొకరికి వచ్చింది. వాళ్ళది సీతాకోకచిలకల సేకరణ.

కొన్ని నెలలకి వియత్నాం నుంచి కవరు వచ్చింది. దోమ స్టాంపు, గుండ్రటి ముద్ర, ఎంత స్పష్టమో! ఎగిరి గంతేయబోయి అడ్రసు చూశాను. అందమైన ఇంగ్లీషు రాత, అచ్చు వేసినట్టుంది. అది అప్పలనాయుడిది కాదు. సైకిలు దిగాక అతను నా అడ్రసు రాసుకున్న వంకర టింకర అక్షరాలు నాకు గుర్తే. బ్లేడు తీశాను, పెట్టేశాను. లేబొరేటరీకి వెళ్ళి స్లైడు పెట్టి చూస్తే ఏమీ కనబడలేదు. మళ్ళీ ఇంటికొచ్చాను. పదేళ్ళుగా కవర్లు తెరుస్తున్నవాణ్ణి, ఆ పూట గుమ్మంలోనే నిలబడిపోయాను. చివరికి కళ్ళు సగం మూసుకుని అంచు కోశాను. లోపల తెలుగులో వంకర టింకర అక్షరాలు: “అడ్రసు నీటుగా ఉండాలన్నారు గదండీ, మా గుమస్తాగారి చేత రాయించాను. అమ్మకి మాత్రం నేనే రాస్తున్నాను.”

తర్వాత ఎన్నో కవర్లు చేరాయి, ఒకటి రెండు బహుమతులూ వచ్చాయి. వాటిని చూసినవాళ్ళు స్టాంపు చూస్తారు, ముద్ర చూస్తారు. నేను మొదట చూసేది అడ్రసు రాసిన చెయ్యి. బలిఘట్టం ఇంట్లో పసుపు బొట్ల కవరు ఇంకా ఉందో లేదో తెలియదు గానీ, నా దగ్గరున్న వాటిలో దానికి సాటి వచ్చేది లేదు. దూరదేశపు స్నేహితుల చేత కవర్లు తెప్పించుకునేవాళ్ళకి ఒక్క సలహా. స్టాంపు ఏది కావాలో చెప్పండి, ముద్ర ఎక్కడ పడాలో చెప్పండి, అడ్రసు మాత్రం వాళ్ళ చేత్తోనే రాయమనండి. ఎంత వంకరగా ఉన్నా ఫర్వాలేదు.