తూర్పు వాకిలి మాటు

సౌదీలోని ఉనైజాలో మేముండే ఖర్జూరం తోట వెనక ఒక నీళ్ల పైపు కారుతూ ఉంటుంది. దాన్ని బాగుచేయించడానికి వీల్లేదని ఇంటి పెద్దావిడ పట్టుబట్టింది. పక్కనున్న బీడులో ప్రభుత్వం వదిలిన జింకలు తెల్లవారగానే అక్కడ కట్టిన మడుగుకు వస్తున్నాయని తోటపనివాళ్లు ఆమె చెవిన వేశారు మరి.

ఆవిడ మా యజమాని తల్లి. పనివాళ్లమంతా మామా కబీర అంటాం, అంటే పెద్దమ్మ. ఆవిడను చూసుకోవడానికే నేను కడప నుంచి వచ్చాను. స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, ఇక నడవచ్చని డాక్టరు చెప్పి నెలలు గడిచాయి. అయినా కాలు నేలకు మోపితే ఒట్టు. చక్రాల కుర్చీ వదలదు. ఇంక ఈ జన్మకు నడవదని కొడుకులు ఆశ వదిలేశారు. నన్ను తిట్టడం కూడా మానేసింది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

జింకల మాట వినగానే మాత్రం ముఖం కళకళలాడింది. చిన్నప్పుడు వేటకెళ్లిన తండ్రి పక్కన మాటులో కూర్చునేదట. ఇప్పుడు వేట నేరం. చూస్తే ఎవరేమంటారు?

"మాటు కట్టు" అంది నాతో.

మా ఊళ్లో కొట్టాలు కట్టినదాన్ని, ఇదెంత అనుకున్నాను. గుంజలు పాతి, పచ్చి మట్టలు తెచ్చి ముచ్చటగా దడి అల్లాను. హైదరాబాదు డ్రైవరన్న వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏందక్కా, గిది మాటా, పెండ్లి పందిరా?"

"నీకేమన్నా తెల్సునా? పోయి బండి కడుక్కోపోన్నా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడను కుర్చీతో సహా లోపల కూర్చోబెట్టాను. జింకలు రెండు మడుగు దాకా వచ్చాయి. అంతలో ఎండ నేరుగా మా ముఖాల మీద పడింది. కుర్చీ ఇనుము తళుక్కుమంది. జింకలు తోక చూపించాయి.

"వాకిలి తూర్పుకెందుకు పెట్టావు?"

"మా దేశంలో ఇళ్లు ఇట్లే కడతారు మామా" అన్నాను వచ్చీరాని అరబ్బీలో. నిజానికి ఆలోచించి పెట్టలేదు. చెయ్యి దానంతటదే అటు తిరిగింది.

"జింక ఇందులో కాపురం ఉంటుందా?" అని పగలబడి నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు. తప్పు చేసినందుకు నేను అంత సంతోషపడింది నా జీవితంలో అదొక్కసారే.

అంతా పీకించింది. మాటును మడుగుకు తూర్పు పక్కకు మార్పించింది, పొద్దు మా వీపు వెనక ఉండేలా. పచ్చి మట్టలు పారేసి ఎండువి తెమ్మంది. గోడ తిన్నగా ఉంటే మనిషి కట్టినట్టు తెలిసిపోతుందని వంకరటింకరగా పెట్టించి, చుట్టూ ఎడారి పొదలు గుచ్చించింది. ఎత్తు మాత్రం కుర్చీలో కూర్చున్న తన తల దాకా చాలంది. అత్తరు పూసుకొచ్చిన డ్రైవరన్నను దరిదాపులకు రానివ్వలేదు. యాలకుల కాఫీ కూడా బంద్. రోజంతా నన్ను తిడుతూనే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

కొత్త పొదకు జింకలు అలవాటు పడేదాకా కొన్నాళ్లు ఆగి, ఒక చల్లటి పొద్దున మళ్లీ వెళ్లి కూర్చున్నాం. ఈసారి ఆడజింక, దాని వెనక పిల్ల వచ్చాయి. తల్లి తలవంచి నీళ్లు తాగింది. పిల్ల మడుగు గట్టు దిగి తల్లి చాటుకు పోయింది. పెద్దావిడ మెడ సాచింది. కనబడలేదు. నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ బరువుకు నేను ఒక పక్కకు ఒరిగిపోయాను.

ఆవిడ తల దడి మీదుగా పైకి లేచింది. జింకలు ఒక్క ఉదుటున పరుగెత్తాయి.

"ఇంత పొట్టిగా కట్టావేం, బుద్ధిలేనిదానా!" అని ఆవిడ నా మీద విరుచుకుపడింది. "రేపు ఎత్తు పెంచు!"

పెంచుతాను మామా అన్నాను. ఏడుపు ఆగడం లేదు నాకు. తను రెండు కాళ్ల మీద నిలబడి తిడుతున్న సంగతి ఆవిడకింకా తెలియలేదు.