వంద డ్రైవింగ్ క్లాసుల ఆర్డరు

తెలివైన పని అనుకుని నేను చేసిన పనుల్లోకెల్లా తెలివితక్కువ పని 2022 జనవరిలో చేశాను. వంద డ్రైవింగ్ క్లాసులు టోకున కొన్నాను. నాకోసం కాదు. నాకు ఇప్పటికీ స్కూటరే దిక్కు.

అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నాచారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో కొనుగోలు విభాగంలో ఉన్నాను. బోల్టుల నుంచి చీపుళ్ల దాకా ఏది కావాలన్నా ఫైలు నా బల్ల మీదుగానే పోవాలి. ఎక్కువ కొంటే తక్కువకు వస్తుందన్నది మా వృత్తి ధర్మం. ఆ ధర్మాన్ని నేను ఇంట్లో కూడా వదల్లేదు. రామంతాపూర్‌లో మా అటక మీద రెండేళ్లకు సరిపడా సబ్బులుండేవి. "ఇన్ని సబ్బులు అరగదీసినా మీకు ఈ బుద్ధి మాత్రం వదలదు" అనేది మా ఆవిడ.

ఆ నెలలో ఫ్యాక్టరీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. రెండో షిఫ్టు ఆడవాళ్లను ఇళ్ల దగ్గర దించే వ్యానుకు మహిళా డ్రైవరు కావాలి. మార్చి నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకుంటే క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లకే మొదటి అవకాశం. నేర్పించే ఖర్చు సంక్షేమ నిధి భరిస్తుంది. ఐదుగురు పేర్లిచ్చారు. అందరికన్నా ముందు ఇచ్చింది స్వరూప.

జనగామ దిక్కు నుంచి వచ్చిన మనిషి. పదేళ్లుగా మా క్యాంటీన్ పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. ఫైలు నా దగ్గరికి వచ్చిందని తెలిసి తనే వచ్చింది.

"సార్, నిలవడే పని బంజెయ్యమన్నడు డాక్టర్. పని బంజేస్తె ఇల్లెట్ల నడుస్తది? గీ వ్యాన్ పని దొర్కితె కూసోని బతుకుత. జర జల్ది జేయున్రి."

"ఫైలు నేను నడుపుతాను, వ్యాను నువ్వు నడుపు" అన్నాను. ఆ మాటకు నేనే నవ్వుకున్నాను కూడా.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఉప్పల్‌లో డ్రైవింగ్ నేర్పే పెద్దాయన మనిషికి ఇంత అని రాసిచ్చాడు. మేము కంపారిటివ్ స్టేట్‌మెంట్ అని ఒకటి తయారుచేస్తాం. అంటే ధరలన్నిటినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చే పట్టిక. అందులో యూనిట్ అన్న గడి ఉంటుంది. అక్కడ నేను 'క్లాసు' అని రాసిపెట్టుకున్నాను. అందుకని ఆయనకు ఫోన్ చేసి, క్లాసుకు ఎంతో చెప్పమన్నాను.

"క్లాసుల లెక్క నాకు తెల్వది సార్. ఒకలకు పదిరోజులల్ల అస్తది, ఒకలకు నలబై రోజులు పడ్తది. చెయ్యి తిరిగి లైసెన్స్ అచ్చేదాకా నేర్పుడే నా పని."

ఇంత మంచి మాట విని నేనేం చేశానో తెలుసా? 'యూనిట్ ధర తెలుపలేదు' అని ఎర్ర ఇంకుతో రాసి ఆయన్ను పక్కన పెట్టేశాను.

రెండోవాడిది నాచారంలోనే డ్రైవింగ్ స్కూలు. ఒకేసారి వంద క్లాసులు తీసుకుని డబ్బు ముందే కడితే క్లాసు ధరలో నలభై శాతం తగ్గిస్తానన్నాడు. ఎల్-వన్, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడు, అతనే. చీపుళ్లవాడికి కూడా ముందు డబ్బు ఇవ్వని నేను ఆ తగ్గింపు చూసి పొంగిపోయి చెక్కు రాయించాను. ఆర్డర్‌లో స్వహస్తాలతో రాసిన వివరం ఇది: డ్రైవింగ్ క్లాసు, పరిమాణం వంద. మా విభాగం పేరు కొనుగోలు కదా, నేను కొన్నది మాత్రం గోల.

పన్నెండో రోజున స్వరూప మళ్లీ వచ్చింది.

"సార్, ఐదుగురిని ఒక్క బండిలనే ఎక్కిస్తున్నడు. అరగంటల ఒకలెన్క ఒకలం ఐదైదు నిమిషాలు నడుపుడు, మిగిలినోళ్లం ఎన్క కూసునుడు. దిగంగనే అందరితోని సంతకాలు వెట్టించుకుంటున్నడు. ఆ ఐదు నిమిషాలు సుత బ్రేకు, క్లచ్చి ఆయన కాలి కిందనే ఉంటున్నయి."

నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. ప్రమాదం జరగకుండా పెట్టినవి. వాటి మీద నుంచి అతను కాలే తీయడం లేదన్నమాట.

నేను రిజిస్టర్ తెప్పించి చూశాను. రోజుకు ఐదు సంతకాలు, ఐదు క్లాసులు. లెక్క అక్షరాలా సరిపోయింది.

"పక్కవాళ్లు నడుపుతుంటే చూడటం కూడా నేర్చుకోవడమేనమ్మా" అన్నాను.

"గట్లయితె నేను పదేండ్లసంది సిటీ బస్సు ఎక్కుతున్న సార్. నాకు బస్సు నడుపుడు రావాలె గదా?"

ఆ సాయంత్రమే స్కూలు యజమాని దగ్గరికి వెళ్లాను. అతను నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నా ఆర్డర్ కాపీనే నా ముందు పెట్టాడు.

"సూడున్రి సార్, ఏమున్నది? క్లాస్ అని ఉన్నది. స్టీరింగ్ ఎంతసేపు ఇయ్యాలె అని యాడన్న ఉన్నదా? వంద అన్నరు, వంద ఇస్తున్న. ఒక్కటి తక్కువైతె అడుగున్రి."

కింద సంతకం నాదే. చాయ్ తాగి వచ్చేశాను.

లెర్నర్స్ లైసెన్సు చేతికొచ్చి నెల దాటాక మార్చి మూడో వారంలో టెస్టుకు వెళ్లారు. టెస్టులో పక్కనుంచి కాలు వేసే మనిషి ఉండడు. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించాల్సిన చోట స్వరూప కారు మూడుసార్లు ఆగిపోయి, నాలుగోసారి వెనక్కి దొర్లింది. ఐదుగురిలో ఒక్కరూ పాస్ కాలేదు. మళ్లీ టెస్టు తేదీ దొరికేలోపు మార్చి అయిపోయింది. వ్యానుకు బయటి నుంచి డ్రైవర్ వచ్చింది.

సొంత డబ్బుతో ఉప్పల్ పెద్దాయన దగ్గర నేర్పిస్తానని చెప్పడానికి క్యాంటీన్‌కు వెళ్లాను. స్వరూప గంజి వారుస్తోంది. తలెత్తలేదు.

"ఇప్పుడు నేర్చుకోని ఎవరి బండి నడపాలె సార్?" అంది. గిన్నె పక్కకు దించి, "మేం సుత టమాటలు డబ్బాల లెక్కన్నే కొంటం. కని డబ్బా బోర్లిచ్చి అడుగున ఏమున్నదో సూస్తం" అంది.

అంతవరకు నాకు అడక్కుండానే రెండో గరిటె పప్పు వేసే మనిషి. ఆ రోజు నుంచి అందరితోపాటు ఒకటే. అడిగే ముఖం నాకు లేదు.

నా ఉద్యోగంలో కోట్ల రూపాయల యంత్రాలు కొన్నాను. అవన్నీ మరిచిపోయాను గానీ ఈ వంద క్లాసులు మరవలేదు. లెక్కపెట్టడానికి వీలైనదాన్ని కొన్నాను, కావలసినదాన్ని వదిలేశాను. కావలసింది క్లాసు కాదు, నడపగలిగిన మనిషి. ఆ సంగతి ఉప్పల్ పెద్దాయనకు తెలుసు, టమాటాలు కొనే స్వరూపకు తెలుసు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న నాకు తెలియలేదు.

ఏడాది తర్వాత ఆ స్కూలు యజమాని మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఇంకో సంస్థలో యాభై మందికి నేర్పే పని కోసం టెండర్ వేస్తున్నాడట. దానికి మా నుంచి పర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఇంతకుముందు ఇతను మాకు పని సరిగా చేశాడని ఇచ్చే కాగితం అది.

"వంద క్లాసులు అందినయని ఒక్క ముక్క రాయున్రి సార్, చాలు."

"తప్పకుండా. కూర్చోండి" అన్నాను.

వంద క్లాసులు ఆర్డర్ ప్రకారం పూర్తిగా అందాయని రాశాను. అబద్ధం కాదు. ఆ కింద 'వినియోగదారుల అభిప్రాయం' అని ఒక గడి ఉంటుంది. అన్నేళ్లూ అందులో 'సంతృప్తికరం' అని నేనే రాసేసేవాణ్ణి. ఈసారి కాగితం తీసుకుని క్యాంటీన్‌కు వెళ్లాను. స్వరూపకు విషయం చెప్పి పెన్ను ఇచ్చాను.

"ఏమన్న రాయొచ్చునా?"

"జరిగింది రాయి."

కొంగుతో చేతులు తుడుచుకుని, బియ్యం బస్తా మీద కాగితం పెట్టి నిదానంగా ఒక్క వాక్యం రాసింది: 'బండిల ఎన్క సీట్ల కూసునుడు మంచిగ నేర్పిన్రు.'

దాని కింద 'పై విషయం వాస్తవమని ధ్రువీకరిస్తున్నాను' అని రాసి, సంతకం చేసి, ఫ్యాక్టరీ ముద్ర గట్టిగా వేశాను.