ఇవెరెన్ పెరట్లో బయాలజీ

గ్బోకో ఊళ్లోని మా బడిలో ఇవెరెన్ బయాలజీ చెప్పేది. పొద్దుటి నుంచి నిలబడి గొంతు చించుకుని, మధ్యాహ్నానికి స్టాఫ్‌రూమ్‌లో కూలబడేది. భర్త పోయాక ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. లెక్కల టీచర్నైన నేను పక్కన కూర్చుని బడి యజమాని చియాని తిట్టుకునేదాన్ని. అంతకన్నా చేతనైంది ఏముంది కనుక.

ఆ ఏడు యూనివర్సిటీ నుంచి సేసుగ్ అనే పరిశోధకుడు థీసిస్ పని మీద దిగాడు. సీనియర్ రెండో ఏడు, అంటే పదకొండో తరగతి పిల్లల్ని రెండు సగాలు చేశాడు. ఒక సగానికి ఎప్పటిలా ఇవెరెన్ సుద్దముక్క పాఠం. రెండో సగానికి ట్యాబ్లెట్లు ఇచ్చాడు. వాళ్లు ఇంట్లో వీడియో చూసి, వారానికోసారి అతని దగ్గర కూర్చోవాలి; దానికి కలగలుపు చదువని పేరు పెట్టాడు. టర్మ్ చివర పరీక్ష పెట్టి ఎవరి బుర్ర చురుగ్గా ఉందో తేలుస్తాడట. ట్యాబ్లెట్లు గెలిస్తే ఇంతమంది టీచర్లు దండగని చియా మా మొహం మీదే అన్నాడు.

"నీ కొంప మునిగేలా ఉందక్కా," అన్నాను.

"మునిగితే మునగనీ, పడుకుని నిద్రపోతా," అంది గానీ, తెచ్చుకున్న తిండి ముట్టలేదు.

ఇంతలో మా పేట ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పట్టించుకునే నాథుడు లేడు. ట్యాబ్లెట్లు చచ్చి కూర్చున్నాయి. ఒక సాయంత్రం నేనూ ఇవెరెన్ ఆమె పెరట్లో పెండలం చెక్కు తీస్తుంటే ట్యాబ్లెట్ల పిల్లలు వచ్చి నిలబడ్డారు.

"మేడమ్, ఆస్మాసిస్ వీడియో చూళ్లేదు. మీరు చెప్పరా?" అంది వాళ్లలో పెద్దది, ఎంబాసెన్.

"మీకు నేను చెప్పకూడదే. మీ సార్‌ని అడగండి."

"సార్ వచ్చేది శుక్రవారం మేడమ్. అప్పటికే తెలిసుండాలంటారు."

"ఆవిడ నోటి దగ్గర కూడు లాక్కోడానికొచ్చారా? పోండి," అని నేను గదిమాను. ఒక్కరూ కదల్లేదు.

ఇవెరెన్ నిట్టూర్చి, కుండలో వేయబోయిన పచ్చి పెండలం ముక్క తీసి, మధ్యలో గుంట తొలిచి, అందులో ఉప్పు పోసి నీళ్ల గిన్నెలో నిలబెట్టింది. "గుంటలోకి నీళ్లెలా వస్తాయో రేపొచ్చి చూడండి," అంది. మర్నాడు వచ్చారు. ఆ తర్వాత రోజూ వచ్చారు.

"వీళ్లు గెలిస్తే నువ్వు రోడ్డున పడతావు," అన్నాను.

"ఏం చెయ్యను? గుమ్మంలో నిలబడ్డ పిల్లల్ని, మీరు ఏ సగమని అడిగి తరిమెయ్యనా?"

పరీక్షలో ట్యాబ్లెట్ల సగమే గెలిచింది. నాకు ఒళ్లు మండిపోయి ఇవెరెన్‌ని సేసుగ్ దగ్గరికి లాక్కెళ్లాను. ఆమె దాచకుండా అంతా చెప్పింది. అతను కళ్లు నులుముకున్నాడు.

"కొంత వీడియో, కొంత టీచరు. కలగలుపు చదువంటే అదేగా మేడమ్. ఇంకో ఏడాది ఈ థీసిస్ మొయ్యడం నా వల్ల కాదు."

"వాళ్లు వీడియో చూసిందెప్పుడయ్యా?" అన్నాను. అతను మార్కుల కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. చియా మటుకు ఆ వారమే ఇవెరెన్‌ని మానిపించాడు.

కొత్త టర్మ్‌లో అందరికీ ట్యాబ్లెట్లు వచ్చాయి. కరెంటు రాలేదు. ఈసారి రెండు సగాలూ కలిసి ఆమె పెరట్లోకి వచ్చాయి. అందరికన్నా వెనక ఎంబాసెన్ నిలబడింది.

"మేడమ్, పరీక్షలో మేం తప్పులు రాసుంటే మీరు బళ్లోనే ఉండేవారు కదా?"

"అలా రాసుంటే చెంపలు పగలగొట్టేదాన్ని," అంది ఇవెరెన్. ఆ మాట అంటూనే పిల్లలందరి ముందూ ఏడ్చేసింది.